రవ్వను బట్టి రాడ్డు

'మొన్ననేగా మేస్త్రీ అతికించావ్... మళ్లీ అక్కడే పగిలింది!'

మోటారు డెలివరీ పైపును ట్రాక్టర్లో వేసుకొచ్చిన రైతు గోడు ఇది. 'రాడ్డు మంచిదే వేశానన్నా... పైపే మంచిది కాదు' అంటాడు మేస్త్రీ. పాత అతుకు మీదే ఇంకో పొర పోస్తాడు. వారం తిరక్కుండా దాని పక్కనే సన్నటి గీత, అందులోంచి నీటి చిమ్ము. రోడ్డు పక్క వెల్డింగ్ షాపుల్లో మామూలుగా కనిపించే దృశ్యమే. పైపు ఏ లోహానిదో ఇద్దరిలో ఎవరూ ఆరా తీయలేదు, అదీ అసలు సంగతి.

పాత ఇనుప సామాన్ల కొట్లో కొన్న పైపుకు పుట్టుపూర్వోత్తరాలు ఉండవు. రంగేస్తే అన్నీ ఒకేలా ఉంటాయి. మైల్డ్ స్టీల్లో కార్బన్ దాదాపు పావు శాతానికి మించదు. బీడులో అది రెండు శాతం పైమాటే. ఈ తేడాయే కొంప ముంచుతుంది. వెల్డింగ్ వేడికి ఎర్రగా కాగిన చోటు, చుట్టూ ఉన్న చల్లటి లోహం వేడిని లాగేయడంతో గబుక్కున చల్లారుతుంది. కమ్మరి కొడవలిని కాల్చి నీళ్లలో ముంచినట్టే అన్నమాట. కార్బన్ ఎక్కువుంటే అతుకు పక్కనున్న లోహం గట్టిపడి పెళుసెక్కుతుంది. దానికి చెమ్మగిల్లిన రాడ్డులోని హైడ్రోజన్ తోడైతే పగులు అప్పటికప్పుడు రాదు, గంటల తర్వాతో మర్నాడో వస్తుంది. షాపులో భేషుగ్గా ఉన్న అతుకు పొలానికెళ్లాక విచ్చుకునేది ఇందుకే.

మరి లోహాన్ని పోల్చుకునేదెలా? మొదట అయస్కాంతం. అంటుకోకపోతే స్టెయిన్‌లెస్ స్టీలో, అల్యూమినియమో అయ్యుండాలి. అంటుకుంటే మాత్రం తేలేది తక్కువే. మైల్డ్ స్టీలు, బీడు, మిశ్రమ ఉక్కు అన్నీ అంటుకుంటాయి. అప్పుడు ఉలి తీసుకోవాలి. చెక్కితే మైల్డ్ స్టీలు చుట్టలు చుట్టుకుంటూ లేస్తుంది, బీడు పొడిపొడిగా రాలుతుంది. ఆ తర్వాత గ్రైండర్. మైల్డ్ స్టీలు రవ్వలు పొడవుగా, లేత పసుపు గీతల్లా సాగుతాయి. కార్బన్ ఎక్కువున్న ఉక్కయితే చక్రం దగ్గర్నుంచే కాకరపువ్వొత్తిలా పూలు పూస్తాయి. బీడు రవ్వలు పొట్టిగా, ఎర్రగా ఉంటాయి. ఏ లోహమో ముందే తెలిసిన నాలుగు ముక్కలు షాపులో ఉంచుకుని, వాటి రవ్వలతో పోల్చి చూడటం తెలివైన పద్ధతి.

పెద్ద ఫ్యాక్టరీలకు ఈ గొడవ ఉండదనుకుంటే పొరపాటే. అమెరికాలో టెక్సస్ సిటీలోని బీపీ రిఫైనరీలో 2005 ఫిబ్రవరిలో మరమ్మతు కోసం కొన్ని ఎల్బోలు విప్పారు. తిరిగి బిగించేటప్పుడు మిశ్రమ ఉక్కు ఎల్బో ఉండాల్సిన చోట మామూలు కార్బన్ స్టీలుది బిగించారు. చూడ్డానికి రెండూ ఒకటే మరి! వేడి హైడ్రోజన్ ధాటికి అది లోలోపలే బలహీనపడి జులై 28న పగిలింది. మంటలు లేచాయి. నష్టం సుమారు 3 కోట్ల డాలర్లు. ఇలాంటి చోట్ల ఇప్పుడు చేత్తో పట్టుకునే ఎక్స్‌రే పరికరంతో సెకన్లలో మిశ్రమ లోహాన్ని పోలుస్తున్నారు. తమాషా ఏంటంటే, పగుళ్లకు ముఖ్య కారకుడైన కార్బన్ దానికి కనపడదు!

లోహం తేలాక కూడా పగులు మీద పూత పూస్తే లాభం లేదు. ముందు పగులు ఎక్కడిదాకా పాకిందో చూడాలి. కిరసనాయిలు రాసి, పైన తుడిచేసి, సుద్దపొడి చల్లితే గీత బయటపడుతుంది. రెండు కొసల్లో చిన్న రంధ్రాలు వేసి, పగులంతా అడుగుదాకా గ్రైండ్ చేయాలి. కిరసనాయిలు ఆనవాలు కూడా మిగలకూడదు. కార్బన్ ఎక్కువున్న ఉక్కయితే 150-200 డిగ్రీలదాకా ముందే వేడిచేసి, పొడిగా ఉంచిన 7018 రాడ్డు వాడాలి. బీడుకు నికెల్ రాడ్డు. అంగుళం చొప్పున అతుకుతూ, సుత్తితో మెల్లగా తడుతూ పోవాలి. ఎంతకీ తేలని ఉక్కుకు 29 శాతం క్రోమియం, 9 శాతం నికెల్ ఉండే 312 రకం రాడ్డు అనుభవజ్ఞుల ఆఖరి అస్త్రం. ఖరీదెక్కువే. నీళ్ల పైపు వరకైతే ఫర్వాలేదు. ఆవిరి, గ్యాస్ పైపుల దగ్గర ఇలాంటి అంచనాలు ప్రాణాల మీదికి తెస్తాయి.

అతుకు పూర్తయ్యాక నీళ్లు చల్లడం చాలామందికి అలవాటు. అదే చేయకూడదు. ఉక్కయినా బీడయినా పొడి బూడిదలోనో ఇసుకలోనో కప్పి రాత్రంతా వదిలేయాలి. రైతు తొందరపడతాడు, పంట ఎండుతోందంటాడు. నిజమే. పొద్దున పైపు బిగించేటప్పుడు ఓసారి మోటారు అదురు కూడా చూసుకోమనాలి. కింద దిమ్మె కదులుతుంటే ఎంత గట్టి అతుకు వేసినా దాని పక్కన ఇంకోచోట పగులుతుంది.