పుచ్చని గింజకు ధర ఏదీ?

పెసలు, బొబ్బర్లు, సెనగలు నిల్వచేసే స్టాకిస్టులకు పుచ్చు బెడద కొత్తది కాదు. తల్లి పురుగు గింజపై గుడ్డు పెడుతుంది. పిల్ల లోపలికి తొలుచుకుపోయి, పిండి తిని, సుమారు నెలరోజులకు గుండ్రని కన్నం చేసుకుని బయటపడుతుంది. కన్నం కనిపించేసరికే తూకం పోయివుంటుంది. తరచు ఈ పురుగు పొలంలోని కాయ నుంచే గోదాముకు చేరుతుంది. అల్యూమినియం ఫాస్ఫైడ్ మాత్రలు ఉన్న పురుగును చంపుతాయి గాని, పట్టా తీసిన తరువాత వచ్చే పురుగును ఆపలేవు.

కాగా, ఇదే పురుగు రాజ్మా గింజలో బతకజాలదు. పిండిని అరిగించే ఎంజైమును అడ్డుకునే ప్రోటీను ఆ గింజలో ఉన్నది. ఎంత తిన్నా పిల్ల పురుగుకు వంటబట్టదు. (రాజ్మాను తినే పురుగులు వేరే ఉన్నవి, వాటిపై ఇది పనిచేయదు.) ఈ ప్రోటీను జన్యువును బఠానీలో చొప్పించి 1994లో పుచ్చును ఆపగలిగారు. అయితే ఆస్ట్రేలియాలో అట్టి బఠానీలు తిన్న ఎలుకలలో అలర్జీ లక్షణాలు కనిపించడంతో 2005లో ఆ పథకం ఆగిపోయింది. మామూలు బఠానీకి, రాజ్మాకు సైతం ఎలుకలు అలాగే స్పందించినట్లు 2013లో మరో పరిశోధన తేల్చింది. అప్పటికే పుణ్యకాలం గడిచిపోయింది.

వర్తకులకు ఇంతకంటె ఆశ కల్పించేది పంట సొంత జాతిలోని గుణమే. నైజీరియాలోని ఇబాదాన్‌లో ఉన్న అంతర్జాతీయ వ్యవసాయ సంస్థ వేలాది బొబ్బర రకాలను పరీక్షించగా టి.వి.యు. 2027 పుచ్చును చాలావరకు తట్టుకున్నది. ట్రిప్సిన్‌ను అడ్డుకునే ప్రోటీనే ఇందుకు కారణమని 1979లో భావించారు. తరువాతి పరిశోధనలు విసిలిన్ అనే గింజ ప్రోటీనును చూపాయి. పురుగులు పూర్తిగా నశించవు. తక్కువగా, ఆలస్యంగా బయటపడతాయి. నిల్వదారుకు ఆ ఆలస్యమే డబ్బు.

చిక్కంతా ధరలోనే ఉన్నది. వేలంలో సైజు, రంగు, తేమ చూస్తారు. ఆరు నెలలు నిలిచే రకానికీ, రెండు నెలల్లో పుచ్చే రకానికీ రేటు ఒక్కటే. అటువంటప్పుడు దిగుబడి ఒక్కటే చూసి విత్తనం కొనే రైతును తప్పుపట్టడం భావ్యం కాదు. నిల్వగుణానికి క్వింటాలుకు ఇంత అదనమని మిల్లర్లు, స్టాకిస్టులు విత్తుకు ముందే ప్రకటిస్తే విత్తన సంస్థలు అటు చూస్తాయి. ఉడికించిన పప్పు మనిషికి పడుతుందో లేదో పరీక్షించే బాధ్యతా ఆ సంస్థలదే. రాజ్మాను సైతం బాగా ఉడికించనిదే తినరాదు.

రకాలు కలిసిన రాశిలో ఈ గుణం కంటికి కనబడదు. అట్టి సరుకు రకం పేరుతో, వేరు లాటుగా యార్డుకు రావాలి. అది కమీషన్ ఏజెంట్లు చేయించగల పనే.