అడ్డపొగ, చుట్ట, సిగరెట్టు విషయమై గ్రామ సభ తీర్మానం

శ్రీకాకుళం జిల్లా తీరాన ఉన్న మా జాలరి పల్లెలో మే 31న, ప్రపంచ పొగాకు వ్యతిరేక దినం నాడు, సర్పంచ్ గారి అధ్యక్షతన రామమందిరం వద్ద గ్రామ సభ జరిగింది. ఈ దిగువ విషయాలు చర్చించి తీర్మానించడమైనది.

చుట్టను నిప్పున్న కొస నోట్లో ఉండేలా పెట్టుకుని కాల్చడం మన ఆడవాళ్లకు తరతరాల అలవాటు. దీన్నే అడ్డపొగ అంటున్నాం. గాలికి ఆరిపోదనీ, బూడిద చంటిబిడ్డ మీద రాలదనీ, ఒక్క చుట్టే చాలాసేపు వస్తుందనీ ముసలమ్మలు చెప్పగా సభ విన్నది. అవి ఉత్త మాటలేమీ కావు. కాని నిప్పు సెగా, పొగా నేరుగా అంగిలికే తగులుతాయి. అంగిలి తెల్లబారి, అందులో ఎర్రని చుక్కలు లేస్తాయి. కొందరికి అక్కడే మానని పుండు పడి క్యాన్సర్‌గా ముదురుతుంది. మిగతాచోట్ల నోటి క్యాన్సర్ ఎక్కువగా బుగ్గకో నాలుకకో వస్తే, అడ్డపొగ ఉన్న పల్లెల్లో అంగిలికి వస్తోందని డాక్టర్లు ఏనాడో కనిపెట్టారు. 1971లో అచ్చయిన ఒక పరిశోధన కోసం ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో 10,169 మంది నోళ్లు చూశారు. పుస్తకాలకెక్కి యాభై ఏళ్లు దాటిన సంగతి మన గడపలకు ఇంకా చేరలేదు.

అడ్డపొగను వెక్కిరించే కుర్రాళ్ల వేళ్ల మధ్య సిగరెట్టు ఉండటం కూడా సభ గమనించింది. ఆ పొగలో 7,000కు పైగా రసాయనాలున్నాయి, వాటిలో కనీసం 70 క్యాన్సర్ తెచ్చేవి. గుండెపోటు, పక్షవాతం, ఊపిరితిత్తుల జబ్బు దీని వెంటే వస్తాయి. ఊపిరితిత్తులు పాడైనవాడు వల లాగలేడు. పక్కన కూర్చున్నందుకు పెళ్లానికీ బిడ్డలకూ కూడా ఆ పొగలో వాటా తప్పదు. మానినవారికి ఏడాదిలో గుండెజబ్బు ముప్పు దాదాపు సగానికి తగ్గుతుంది. అంగిలి మీది తెల్లమచ్చలు కూడా కొందరికి తగ్గుతాయి.

కావున, బడికి 100 గజాల లోపు పొగాకు అమ్మరాదన్న 2003 నాటి చట్టం ప్రకారం బడి ఎదుటి బడ్డీలో నెలలోగా ఆ సరుకు తీసేయాలి. బడ్డీ యజమాని సభలోనే ఉండి ఒప్పుకున్నారు. 18 ఏళ్ల లోపు పిల్లలకు ఊళ్లో ఎవరూ అమ్మరాదు. ఇంట్లో పెద్దలు చుట్టలకని పిల్లలను కొట్టుకు పంపడం కూడా మానాలి. పంచాయతీ కార్యాలయంలో పొగ తాగితే చట్టప్రకారం 200 రూపాయల దాకా జరిమానా. ఇది వార్డు సభ్యులకూ వర్తిస్తుంది.

ఏఎన్ఎం, ఆశా కార్యకర్త నెలకోసారి టార్చిలైటు వేసి చుట్ట కాల్చేవారి అంగిలి చూడాలి. రెండు వారాల్లో మానని పుండు ఉంటే వెంటనే పెద్దాసుపత్రికి పంపాలి. దారి ఖర్చు పంచాయతీ భరిస్తుంది. చుట్ట మానకపోతే పింఛను ఆపిస్తామని ఎవరూ ముసలివాళ్లను బెదిరించరాదు. మానాలనుకునేవారి కోసం 1800-11-2356 నంబరు రచ్చబండ గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించాలి.

వేటకు వెళ్లిన రాత్రి చలికి చుట్ట లేకపోతే ఎలాగని ఒక పెద్దాయన అడిగారు. సభ వద్ద దానికి సరైన జవాబు లేకపోయింది. ఆయన అభ్యంతరం నమోదు చేయడమైనది.

ప్రతిపాదించినవారు మహిళా సంఘం అధ్యక్షురాలు. బలపరచినవారు బడి ప్రధానోపాధ్యాయులు. పై ఒక్క అభ్యంతరంతో తీర్మానం ఆమోదం పొందింది. సంతకాలు, వేలిముద్రలు జతపరచడమైనది.