లండన్ ఒక్కటే బ్రిటన్ కాదు

రంగారెడ్డి జిల్లా పాల్మాకుల సమీపాన, శంషాబాదులో 2008లో అంతర్జాతీయ విమానాశ్రయం ప్రారంభమైంది. నాటి నుండి తెలుగువారికి ఐరోపా యాత్ర మరింత సులభమయింది. చదువు కోసం, ఉద్యోగం కోసం, విహారం కోసం ఏటా ఎందరో ఇక్కడి నుండి బ్రిటన్‌కు పయనమవుతున్నారు. అయితే వారిలో కొందరు లండన్‌లో నాలుగు రోజులు గడిపి, దేశమంతటినీ చూసినట్లే అభిప్రాయాలు వెల్లడిస్తారు. ఇది విజ్ఞుడైన యాత్రికునికి తగదు.

తెలుగువారికి ఈ యాత్ర కొత్తదేమీ కాదు. ఓడ ప్రయాణానికి వారాలు పట్టిన 1870 దశకంలోనే మద్రాసుకు చెందిన పోతం జానకమ్మ ఇంగ్లండును దర్శించి, తన అనుభవాలను గ్రంథస్థం చేసింది. ఆ గ్రంథం ఆంగ్లంలో 1876లో వెలువడింది. నాటి కంటే నేడు ప్రయాణం వేగవంతమైంది. చూపు మాత్రం అంతగా విశాలం కాలేదు.

ఇంగ్లండు, స్కాట్లండు, వేల్స్ కలిసినది బ్రిటన్. ఇంగ్లండులోనే ఉత్తరానికి వెళితే మాంచెస్టరు కనిపిస్తుంది. 19వ శతాబ్దంలో అక్కడి మిల్లుల చవక వస్త్రమే తెలుగునాట చేనేత మగ్గాలను దెబ్బతీసింది. లండన్ రాజభవనాల వైభవాన్ని మాత్రమే చూసినవారికి ఈ చరిత్ర బోధపడదు.

పడమటనున్న వేల్స్‌లో రహదారిపై ‘నెమ్మదిగా’ అనే హెచ్చరిక సైతం వెల్ష్, ఆంగ్ల భాషలు రెండింటిలోనూ ఉంటుంది. 19వ శతాబ్దంలో అక్కడి కొన్ని పాఠశాలల్లో వెల్ష్ పలికిన పిల్లల మెడలో చెక్కముక్క వేలాడదీసి అవమానించేవారు. అంతటి తిరస్కారానికి గురైన ఆ భాష 2011లో చట్టబద్ధంగా అధికార హోదా పొందింది. తరగతి గదిలో తెలుగు మాట్లాడడానికి సంకోచించే విద్యార్థికి ఇంతకు మించిన పాఠం ఏముంటుంది?

ఉత్తరాన స్కాట్లండు 1707లో ఇంగ్లండుతో ఏకమైనా తన న్యాయవ్యవస్థను, విద్యావిధానాన్ని నిలుపుకొన్నది. అక్కడి బ్యాంకులు నేటికీ సొంత నోట్లను ముద్రిస్తున్నాయి. దత్తమండలాల కలెక్టరుగా పేరొందిన థామస్ మన్రో గ్లాస్గో నగరంలో జన్మించాడు. తెలుగు గ్రామాల కైఫీయతులను సేకరింపజేసిన కాలిన్ మెకంజీ స్కాట్లండుకు చెందిన లూయిస్ ద్వీపవాసి. వీరిరువురినీ ‘ఆంగ్లేయులు’ అని పిలవడం మనకు అలవాటైపోయింది.

దక్షిణాది వారందరినీ ‘మద్రాసీలు’ అన్నప్పుడు తెలుగువాని మనస్సు నొచ్చుకుంటుంది. అదే పొరపాటును పరదేశీయుల విషయంలో చేయడం న్యాయమా? కాలం, ధనం పరిమితమైనవారు అన్ని ప్రాంతాలనూ చూడలేరన్నది నిజమే. అందులో దోషం లేదు. చూడని ప్రాంతాన్ని గురించి తీర్పు చెప్పడమే దోషం. లండన్‌ను చూసినవారు లండన్‌ను గురించే చెప్పాలి. ఒక దేశంలోని వైవిధ్యాన్ని గుర్తించడమే ఆ దేశ ప్రజలకు యాత్రికుడు చూపగల నిజమైన గౌరవం.