తప్పెట మనది, తెర ఎవరిది?

కమలాపురం, ఎర్రగుంట్ల, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల. ఈ ఊళ్లలో ఏ టీ అంగడి దగ్గర నిలబడినా రెండు విషయాల మీద వాదన వినబడుతుంది. ఒకటి రాజకీయం, రెండోది సినిమా. ఎవరి హీరో గొప్ప, ఎవరి సినిమా ఎన్ని కోట్లు వసూలు చేసింది, ఎవరు ఎవరిని కాపీ కొట్టారు అని గొంతు పోయేదాకా అరిచేవాళ్లలో మన వాడల పిల్లలు తక్కువేం లేరు. మేమూ ఆ వాదనల్లో పెరిగినవాళ్లమే. అందుకే 'ఫ్యాన్స్ అంటే పనీపాటా లేనివాళ్లు' అనే మాటను మేం ఒప్పుకోం.

దళిత పిల్లవాడికి ఫ్యాన్ కావడం ఏమిస్తుందో ముందు చూడాలి. ఊరి నడిబొడ్డున, బస్టాండు ఎదురుగా, హీరో బొమ్మ పక్కన వాడి ఫోటో, వాడి పేరు ఫ్లెక్సీ మీద పడుతుంది. గుడి కమిటీలో వాడికి చోటు ఉండదు. పంచాయతీ రచ్చలో వాడి మాటకు విలువ ఉండదు. ఆ ఫ్లెక్సీ మీద మాత్రం వాడు నాలుగు రోజులు ఊరందరికీ కనబడతాడు. కనబడాలన్న ఆ కోరికను ఎగతాళి చేసే హక్కు ఎవరికీ లేదు. అయితే ఆ కనబడటానికి మనం ఏం ధర కడుతున్నాం, ఆ ధరకు తెర మీద మనకు దక్కుతున్నది ఏమిటి? ఈ లెక్క అడగాల్సింది మనమే.

మొదట డబ్బు లెక్క. 2024 డిసెంబరు 4 రాత్రి 'పుష్ప 2' ప్రీమియర్ షోలకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పన్ను కాకుండా 800 రూపాయల టికెట్‌కు అనుమతి ఇచ్చింది. ఆ ఏడాది ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి పనికి రోజు కూలి 300. అంటే దాదాపు మూడు రోజులు ఎండలో మట్టి తవ్విన కూలి ఒక్క ఆటకు పోయింది. 2021, 2022లలో టికెట్ ధరల మీద టీవీల్లో నెలల తరబడి చర్చ జరిగింది. ప్రభుత్వం మాట్లాడింది, నిర్మాతలు మాట్లాడారు, హీరోలు మాట్లాడారు. నేల టికెట్ కొనేవాడి గొంతు మాత్రం ఆ చర్చల్లో మాకు వినబడలేదు.

తర్వాత ప్రాణాల లెక్క. 2016 ఆగస్టులో కర్ణాటకలోని కోలారులో ఇద్దరు హీరోల అభిమానుల మధ్య మాటామాటా పెరిగి తిరుపతి కుర్రవాడు ఒకడు కత్తిపోటుకు చనిపోయాడు. 2020 సెప్టెంబరులో కుప్పం దగ్గర శాంతిపురంలో హీరో పుట్టినరోజు ఫ్లెక్సీ కడుతూ ముగ్గురు యువకులు కరెంటు షాకుతో పోయారు. 'పుష్ప 2' ప్రీమియర్ రాత్రే హైదరాబాద్ సంధ్య థియేటర్ తొక్కిసలాటలో ఒక తల్లి చనిపోయింది, ఆమె కొడుకు ప్రాణాల మీదికి వచ్చింది. చనిపోయినవాళ్ల కులం మేం అడగడం లేదు. అభిమానం పేరుతో ప్రాణం పోగొట్టుకునేవాళ్లు ఎప్పుడూ కింది వరసల్లోనే ఎందుకు ఉంటారన్నదే మా ప్రశ్న.

హాల్లో చీకటి పడితే కులం పోతుందని చాలామంది నమ్ముతారు. చుండూరు గుర్తున్నవాళ్లు నమ్మరు. 1991 జులైలో తెనాలి సినిమా హాల్లో, చదువుకుంటున్న ఒక దళిత యువకుడి కాలు ముందు వరసలో కూర్చున్న పెత్తందారీ కులస్తుడికి తగిలింది. అక్కడ మొదలైన కక్ష సాంఘిక బహిష్కరణగా మారి, ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల హత్యతో నెత్తురు కళ్లచూసింది. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. సినిమా హాల్లో ఒక కుర్చీకి ఇంత చరిత్ర ఉంది. కాలు ఎక్కడ పెట్టుకోవాలో కూడా కులమే నిర్ణయించిన హాళ్లు ఇవి.

ఇక తెర. కడప జిల్లాకు తెలుగు సినిమాతో ఉన్న బంధం చిన్నది కాదు. వాహిని సంస్థను నిలబెట్టిన బి.ఎన్. రెడ్డి, విజయా సంస్థను నడిపిన బి. నాగిరెడ్డి ఈ జిల్లా అన్నదమ్ములే. ఇద్దరికీ దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు వచ్చింది. వాళ్ల ప్రతిభను మేం తక్కువ చేయడం లేదు. కానీ ఇదే జిల్లా నుంచి మద్రాసు పోయి స్టూడియో పెట్టగల పెట్టుబడి, పరిచయాలు ఏ కులాలకు ఉన్నాయి, ఏ కులాలకు లేవు? భూమి ఎవరి చేతిలో ఉందో కెమెరా కూడా వాళ్ల చేతికే పోయింది. కెమెరా ఎవరి చేతిలో ఉంటే కథ వాళ్లదే.

ఆ కథ మన సీమకు ఏం చేసిందో అందరికీ తెలుసు. 1999లో 'సమరసింహా రెడ్డి', 2001లో 'నరసింహ నాయుడు', 2002లో 'ఆది', 'ఇంద్ర', 'చెన్నకేశవ రెడ్డి', 2018లో 'అరవింద సమేత', 2023లో 'వీరసింహా రెడ్డి'. పాతికేళ్లుగా సీమ అంటే సుమోలు, వేటకొడవళ్లు, తొడగొట్టే దొరలు. సీమ మీద పడిన ఈ మచ్చ గురించి రచయితలు, ఉద్యమకారులు ఎన్నోసార్లు అడిగారు. మేం ఇంకో మాట కలుపుతాం. ఈ కథల్లో గొడ్డలి పట్టేది ఎవరి కోసం? బాంబు పేలితే ముందు పోయేది ఎవరు? హీరో వెనక సుమోలో కూర్చునే ఆ పదిమందికి పేరు లేదు, ఇల్లు లేదు, చనిపోతే ఏడ్చే తల్లి లేదు. పెద్దింటి చావుకు పాట ఉంటుంది. పనోడి చావుకు ఒక షాట్ కూడా మిగలదు.

ఈ సీమలో నాపరాయి గనుల్లో బండలు కోసేవాళ్లు ఉన్నారు. సిమెంటు ఫ్యాక్టరీల్లో కాంట్రాక్టు కూలీలు ఉన్నారు. శనగ చేలలో, పత్తి చేలలో నడుము వంచే ఆడవాళ్లు ఉన్నారు. పొట్ట చేతపట్టుకుని గల్ఫుకు పోయినవాళ్లు ఉన్నారు. వాళ్లలో మాల మాదిగలు ఎంతమందో లెక్క చెప్పనక్కర్లేదు. పెద్ద హీరో సినిమాలో వీళ్లెవరూ కనబడరు. అయినా ఆ సినిమా రిలీజు రోజు హాలు ముందు తప్పెట కొట్టేది మాత్రం మనవాళ్లే.

దళితుల కథ తెలుగులో అసలు రాలేదని మేం అనడం లేదు. 1938లోనే గూడవల్లి రామబ్రహ్మం 'మాలపిల్ల' తీశాడు. 2020లో కరుణ కుమార్ 'పలాస 1978'లో కులాన్ని, పేరు పెట్టి మరీ, ఉత్తరాంధ్ర యాసలో మాట్లాడించాడు. 2021లో శేఖర్ కమ్ముల 'లవ్ స్టోరి' హీరోను దళితుడిగా చూపించాడు. అదే ఏడాది తమిళ 'అసురన్' మన అనంతపురం కథగా మారి 'నారప్ప'గా వచ్చింది. చెప్పుల కోసం అవమానం, భూమి కోసం కొట్లాట మన నేల మీద చూసి సంతోషించాం. కానీ తమిళంలో పంచమి భూముల చరిత్ర ఎంత సూటిగా తగిలిందో, తెలుగులో మన అసైన్డు భూముల చరిత్ర అంత సూటిగా తగల్లేదు. డి.కె.టి. పట్టా చేతిలో ఉండి భూమి ఇంకొకరి కింద ఉన్న కుటుంబాలు సీమలో ఎన్ని లేవు! ఆ కథ సిద్ధంగా ఉంది. రాసేవాళ్లు, తీసేవాళ్లు మనలోంచి రావాలి. పక్క రాష్ట్రంలో పా. రంజిత్, మారి సెల్వరాజ్, మరాఠీలో నాగరాజ్ మంజులే అలా వచ్చినవాళ్లే. రంజిత్ తను ఎదిగి ఊరుకోలేదు, నీలం ప్రొడక్షన్స్ పెట్టి 'పరియేరుమ్ పెరుమాళ్'తో మారి సెల్వరాజ్‌కు దారి ఇచ్చాడు.

మనలోంచి ఒకడు గొంతెత్తితే ఏమవుతుందో కత్తి మహేష్ విషయంలో చూశాం. చిత్తూరు జిల్లా నుంచి వచ్చిన దళితుడు, సినిమా చదువుకున్నవాడు, సినిమా తీసినవాడు. 2017లో బిగ్ బాస్ మొదటి సీజన్ తర్వాత టీవీ చర్చల్లో ఒక పెద్ద హీరోను ప్రశ్నించాడు. నెలల తరబడి బూతులు, బెదిరింపులు. 2018 జనవరిలో కోడిగుడ్లతో దాడి. అదే ఏడాది జులైలో రాముడి గురించి అన్న మాటల మీద పోలీసులు ఆరు నెలలు హైదరాబాద్ నుంచి బహిష్కరించారు. 2021లో రోడ్డు ప్రమాదంలో గాయపడి చనిపోయాడు. ఆయన ప్రతి మాటతోనూ మేం ఏకీభవించనక్కర్లేదు. మేం అడిగేది ఒకటే. సినిమా బాగాలేదని తెలుగునాట రోజూ వందమంది అంటారు. వాళ్లందరికీ ఇంత శిక్ష పడిందా? దళితుడు అభిమానిగా ఉన్నంతకాలం ముద్దు. విమర్శకుడయ్యాడో, హద్దు దాటినట్టే.

అందుకని సినిమా చూడొద్దని మేం చెప్పం. వాదించడం మానమనీ చెప్పం. వాదన మార్చుదాం. మీ హీరో, మా హీరో అని కొట్టుకునే బదులు ఇద్దరి సినిమాల్లో మన పాత్రకు పేరు ఉందా అని అడుగుదాం. మనోడు చస్తే ఏడ్చేవాళ్లను చూపించారా అని అడుగుదాం. రాసినవాళ్లలో, తీసినవాళ్లలో మనవాళ్లు ఉన్నారా అని అడుగుదాం. ఎస్సీ హాస్టళ్లలో, అంబేద్కర్ భవనాల్లో నెలకొక సినిమా పెట్టుకుని చూద్దాం, చర్చిద్దాం, రాద్దాం. సెల్‌ఫోనుతోనే ఒక చిన్న సినిమా తీద్దాం. ఫ్లెక్సీకి వేసుకునే చందాలో సగం చాలు. హీరో పక్కన నాలుగు రోజులు కనబడిన మన పేరు, టైటిల్స్‌లో శాశ్వతంగా పడేది ఆ దారినే.