మీ పెళ్లిరోజుకీ ఒక ఆదివారం



పిల్లల యూనిట్ టెస్టుల తేదీలు మీకు కంఠతా వచ్చు. మీ పెళ్లిరోజు మాత్రం ఏటా "టెన్త్ అయ్యాక చూద్దాంలే" అని వాయిదా పడుతుంది. టెన్త్ తర్వాత ఇంటర్, ఎంట్రన్సులు వరసగా ఉండనే ఉంటాయి.

ఫీజు కట్టే నాన్న, హోంవర్క్ చేయించే అమ్మ. పిల్లలకు మీరు ఇలాగే తెలుసు. ఒకరికొకరు ఇష్టమైన మనుషులుగానూ మిమ్మల్ని చూడాలి. ఒకరినొకరు గౌరవించుకోవడం వాళ్లు ఇంట్లోనే నేర్చుకుంటారు, మా క్లాసులో కాదు.

అందుకే పిల్లల్ని తాతయ్య, నానమ్మల దగ్గర ఉంచి ఒక్కరోజు ఇద్దరే వెళ్లిరండి. హైదరాబాద్‌లో ఉంటే సుమారు 50 కిలోమీటర్ల దూరంలోనే పోచంపల్లి ఉంది. నూలుకు ముడులు కట్టి, రంగులద్ది, ఇక్కత్ చీర నేసే మగ్గాలు చూడొచ్చు. 1951లో వినోబా భావే భూదానోద్యమం మొదలైందీ అక్కడే. వచ్చాక పిల్లలకు చెప్పడానికి ఒక సోషల్ పాఠం కూడా దొరుకుతుంది.

రాత్రి భోజనం పిల్లలకు వదిలేయండి. నానమ్మ పక్కనుంటే పులిహోర, సేమ్యా పాయసం చేయగలరు. ముందే తెలిసినా తెలియనట్టే ఆశ్చర్యపోండి. ఉప్పు ఎక్కువైనా మెచ్చుకోండి.

సోమవారానికి హోంవర్క్ మిగిలిపోతే డైరీలో "అమ్మానాన్నల పెళ్లిరోజు" అని రాయండి. నేను సంతకం పెడతాను.