వినోదము – విశ్వాసము

వేసవి రాత్రులలో ఆరుబయట మంచముపై పరుండి అమ్మమ్మ నోట పొడుపుకథలు విన్నవారికి ఒక సంగతి అనుభవముననే తెలిసియుండును. విప్పు తెలిసిన క్షణమున కలుగు సంతోషము కంటె, అది దొరకక తడుముకొనుచున్నంత సేపు కలుగు ఉబలాటమే మధురమైనది. విప్పు తెలిసినంతనే ఆ కథ పాతపడిపోవును. తెలియక ముందు ఇల్లంతయు దాని చుట్టును తిరుగును. ఈ చిన్న సత్యమును ఆధారము చేసికొని అమెరికా దేశమున ఒక టెలివిజన్ క్రీడ పదునేడేండ్లకు పైగా జనుల ఆదరమును పొందినది. దాని చరిత్రను తెలిసికొనుట, నేడు ప్రతి యింటను టెలివిజన్ తెర వెలుగుచున్న మనకు, నిష్ప్రయోజనము కాదు.

ఆ క్రీడ పేరు 'వాట్స్ మై లైన్?'. 'నా వృత్తి యేమి?' అని తెలుగు చేసికొనవచ్చును. మార్క్ గుడ్‌సన్, బిల్ టాడ్‌మన్ అనువారు నిర్మాతలు. 1950 ఫిబ్రవరి 2వ తేదీన సి.బి.ఎస్. సంస్థ దీనిని న్యూయార్కు నగరమునుండి ప్రారంభించినది. కొలది కాలములోనే ఆదివారము రాత్రి పదిన్నర గంటల వేళకు స్థిరపడి, 1967 సెప్టెంబరు 3వ తేదీ వరకును నిలిచినది. కడపటి యేండ్లలో అప్పుడప్పుడు ముందుగా పట్టియుంచిన భాగములను చూపినను, మొత్తముమీద ఇది ప్రత్యక్ష ప్రసారమే. తప్పు దొర్లినచో దిద్దుకొనుటకు గాని, మాట జారినచో వెనుకకు తీసికొనుటకు గాని అందు వీలు లేదు.

ఆట నియమములు పసిపిల్లలకును అర్థమగునంత సులభములు. ఒక సామాన్యుడు లోపలికి వచ్చి నల్లబల్లపై తన పేరు వ్రాసి కూర్చుండును. అతని యెదుట నలుగురు పృచ్ఛకులు. అతడు ఏ పని చేసి బ్రదుకుచున్నాడో ఇంటిలోని ప్రేక్షకులకు తెరపై అక్షరములలో కనబడును. సభలోని వారికిని తెలియును. తెలియనిది ఆ నలుగురికే. వారు 'ఔను', 'కాదు' అని జవాబు చెప్పదగిన ప్రశ్నలే వేయవలెను. 'కాదు' అన్న ప్రతిసారియు అతిథికి 5 డాలర్లు లభించును. పది 'కాదు'లు వచ్చినచో ఆట ముగిసి అతిథి గెలిచినట్లు. అనగా ఈ క్రీడలో గెలువదగిన మొత్తము 50 డాలర్లు మాత్రమే! ధనాశచే ఎవరును ఈ ప్రదర్శనను చూచియుండరని చెప్పుటకు ఇంతకు మించిన సాక్ష్యము అక్కరలేదు.

మరి జనులు దేనికొఱకు చూచిరి? ఇచ్చట పొడుపుకథ తలక్రిందులైనది. ప్రేక్షకునికి విప్పు ముందే తెలియును. పండితులు చీకటిలో నున్నారు. తనకు తెలిసిన దానిని తెలివిగలవారు వెదకుకొనుచుండగా చూచుట మానవునకు ఎంత హాయి! వారు సమీపమునకు వచ్చినపుడు ఊపిరి బిగబట్టును. దారి తప్పినపుడు నవ్వును. అయితే ఆ నవ్వు కేవలము పరిహాసము కాదు. ఆ నలుగురును ఒక 'ఔను'ను మరియొక 'ఔను'తో ముడివేసికొనుచు, లోకములోని వృత్తులన్నిటిని వడపోసికొనుచు, ఒక్కొక్క మెట్టే దిగివచ్చుచుండిరి. బుద్ధి పనిచేయుట కంటికి కనబడు వస్తువు కాదు. ఈ ఆట దానిని కంటికి చూపినది. స్టీవ్ ఆలెన్ అను హాస్యనటుడు 1953లో ఒకనాడు, "అది రొట్టెలపెట్టె కంటె పెద్దదా?" అని అడిగెను. అంతటితో ఆ ప్రశ్న ఆ దేశమున సామెతయై కూర్చున్నది.

ప్రతివారమును ఒక ప్రసిద్ధ వ్యక్తి వచ్చు ఘట్టము ఉండెడిది. అప్పుడు పృచ్ఛకులు కన్నులకు గంతలు కట్టుకొందురు; అతిథి గొంతు మార్చి మాటలాడును. దేశాధ్యక్షుని అర్ధాంగియై వన్నె కెక్కిన ఎలియనార్ రూజ్‌వెల్టు 1953లో ఆ కుర్చీలో కూర్చుండెను. 1957లో చిత్రకారుడు సాల్వడార్ డాలీ వచ్చి, రచయితవా, నటుడవా, క్రీడాకారుడవా అని యేమి అడిగినను దాదాపు అన్నిటికిని 'ఔను' అనియే చెప్పుచు వచ్చెను. నిర్వాహకుడు నడుమ కలుగజేసికొని సవరించుచుండగా సభ పగులబడి నవ్వెను. ముందుగా వ్రాసి యిచ్చినచో ఇట్టి నవ్వు పుట్టదు.

ఆ నిర్వాహకుడు జాన్ డాలీ, 1941లో పెర్ల్ హార్బరుపై దాడి జరిగిన వార్తను, 1945లో రూజ్‌వెల్టు మరణవార్తను రేడియోలో జాతికి వినిపించిన విలేఖరి. అట్టివాడు ఆటను నడుపుటచే ఆటకు ఒక గౌరవము వచ్చినది. పురుషులు విందునకు పోవు దుస్తులలో, స్త్రీలు పొడుగు గౌనులలో కూర్చుండి, ఒకరినొకరు బహువచనపు మర్యాదతో పిలుచుకొనెడివారు. ముఱుగునీటి గొట్టములు బాగుచేయువాడు వచ్చినను, మహారాణి వచ్చినను ప్రశ్నించు తీరు ఒక్కటియే. తన వృత్తి తెర మీది కెక్కి నలుగురు పెద్దలచే శ్రద్ధగా విచారింపబడుటలో సామాన్యునకు దక్కిన మన్ననయే, ఈ ప్రదర్శన జనప్రియమగుటకు రెండవ కారణమని మా తలంపు.

తెలుగువారికి ఈ రుచి క్రొత్తది కాదు. తిరుపతి వేంకట కవులు ఊరూర సభలలో వ్యాప్తికి తెచ్చిన అవధానమున నున్నదియు ఇదియే. సమస్య యిచ్చినవాడు ఒకవైపు, అక్షరాక్షరమునకును నిషేధము పెట్టువాడు మరియొకవైపు, అప్రస్తుతప్రసంగము చేసి నవ్వించువాడు ఇంకొకవైపు నిలిచి అవధానిని చుట్టుముట్టుచుండగా, సభ్యుల చూపు పద్యము మీద కంటె అవధాని ముఖము మీదనే యుండును. తీరిక వేళ ఇంటిలో కూర్చుండి అంతకంటె మంచి పద్యము వ్రాయువారు ఆ సభలోనే ఉండవచ్చును. కాని ఇప్పుడు, ఇచ్చట, మన కన్నుల యెదుట పుట్టిన పద్యమునకు గల విలువ వేరు. ఆ విలువ సభ్యుల విశ్వాసము మీద నిలిచినది. సమస్య ముందే తెలిసినదని ఒక్క మాట పొక్కినచో, పద్యము ఎంత బాగున్నను సభ లేచిపోవును.

ఇంతటి మంచి ఆటకును ఒక మచ్చ కలదు. తొలి పృచ్ఛకులలో లూయీ అంటర్‌మెయర్ అను కవి ఉండెను. ఆధునిక అమెరికన్ కవితా సంకలనములను కూర్చి విద్యార్థులకు కవిత్వపు రుచి చూపిన సహృదయుడు. వామపక్ష సంస్థలతో పూర్వము సంబంధము పెట్టుకొనెనని ఆయనపై నింద వచ్చినది. కొందరు నిరసనలు జరిపిరి, లేఖలు వ్రాసిరి. ఆట ఖర్చు భరించు ప్రాయోజకునకు భయము పుట్టినది. 1951లో కవికి ఉద్వాసన చెప్పిరి. ఆయన చాల కాలము ఇల్లు కదలలేదని మిత్రుడగు నాటకకర్త ఆర్థర్ మిల్లర్ తన ఆత్మకథలో వ్రాసెను. ఆ కుర్చీలోనికి వచ్చినవాడు బెన్నెట్ సెర్ఫ్. జేమ్స్ జాయిస్ రచించిన 'యులిసిస్' నవలను అమెరికాలో ముద్రించు హక్కుకై పోరాడి, 1933లో న్యాయస్థానమున గెలిచిన ప్రచురణకర్త ఆయనయే! అక్షర స్వాతంత్ర్యమునకై నిలిచినవాడు, అభిప్రాయముల కారణమున వెడలగొట్టబడిన కవి కుర్చీలో కూర్చుండుట కాలవైపరీత్యము. ఆట ఆగలేదు, నవ్వులు ఆగలేదు. గంతలు పృచ్ఛకుల కన్నులకే కాదు, ఆనాడు ప్రేక్షకుల కన్నులకును ఉండెనేమో! కవి పేరు మాత్రము చెడలేదు. 1961లో ఆయన అమెరికా కాంగ్రెసు గ్రంథాలయమునకు కవితా విషయక సలహాదారు పదవిని పొందెను.

ప్రాయోజకుని భయము కవిని తొలగించుటతో ఆగలేదు; మరియొక చోట అది సత్యమునే తొలగించినది. 1955లో అరువదినాలుగు వేల డాలర్ల ప్రశ్న యను క్రీడ వచ్చినది. ఏబది డాలర్ల చోట వేలు వచ్చి కూర్చున్నవి. మరుసటి యేట ఎన్.బి.సి. సంస్థ 'ట్వెంటీ వన్' అను క్రీడను మొదలుపెట్టినది. దాని తొలి ప్రదర్శనము నిజాయితీగానే జరిగినది. ఆటగాండ్రు జవాబులు చెప్పలేక తెల్లబోయిరి, చూచువారికి విసుగు పుట్టినది, ప్రాయోజకుడు మండిపడెను. అంతట నిర్మాతలు ప్రశ్నలను, జవాబులను ముందుగానే ఆటగాండ్రకు చెప్పసాగిరి. గాజుగదిలో నిలిచి ఎప్పుడు తటపటాయింపవలెనో, నుదుటి చెమట ఎట్లు అద్దుకొనవలెనో కూడ నేర్పిరి. హెర్బర్ట్ స్టెంపెల్ అను ఆటగాడు తనకు మిక్కిలి ఇష్టమైన 'మార్టీ' అను చిత్రము పేరును తెలియనట్లు నటించి ఓడిపోవలసి వచ్చినది. అతనిపై గెలిచినవాడు చార్లెస్ వాన్ డోరెన్. కొలంబియా విశ్వవిద్యాలయమున సాహిత్యము బోధించు యువకుడు. సుప్రసిద్ధ కవి మార్క్ వాన్ డోరెన్ కుమారుడు. 1957లో అతని ముఖము 'టైమ్' పత్రిక అట్టమీద వచ్చినది. అతడు గెలిచినది 1,29,000 డాలర్లు. 1959 నవంబరు 2వ తేదీన అతడు కాంగ్రెసు ఉపసంఘము ఎదుట నిలిచి, తాను మోసమున పాలుపంచుకొంటినని ఒప్పుకొనెను. ఉద్యోగము పోయినది. 1960లో ఇట్టి మోసములను నేరముగా నెంచు చట్టము వచ్చినది. వాన్ డోరెన్ 2019లో, తొంబదిమూడేండ్ల వయస్సున మరణించెను. పిదప ఎన్ని మంచి పుస్తకములు వ్రాసినను లోకము అతనిని ఆ గాజుగదిలోనే ఉంచినది.

ఈ రెండు క్రీడల నడుమ భేదము గమనింపదగినది. మొదటిది తెలియకపోవుటను వినోదముగా చూపినది. కావున దానికి అబద్ధముతో పని లేకపోయినది. రెండవది తెలియకపోవుటను లోపముగా భావించి, సర్వజ్ఞులను అమ్మకమునకు పెట్టినది. సర్వజ్ఞులు లోకమున దొరకరు గనుక వారిని తయారుచేయవలసి వచ్చినది.

ఈ మాటలు వ్రాయుచున్న వానికి ఇతరులను నిందించు అధికారము పూర్తిగా లేదు. చాల యేండ్ల క్రిందట ఒక కళాశాల వార్షికోత్సవమున విద్యార్థి యొకనిచే అష్టావధానము చేయించితిమి. కుఱ్ఱవాడు ప్రతిభ కలవాడే కాని సభలన్న భయము. వాత్సల్యము కొలది, ముందునాటి సాయంకాలము వానిని పిలిచి, సమస్యను, దత్తపదిలోని నాలుగు పదములను చెవిలో వేసితిని. మరునాడు ఆ రెండు పద్యములను వాడు గుక్క తిప్పుకొనకుండ చెప్పెను. సభ చప్పట్లతో మారుమ్రోగినది. నిషిద్ధాక్షరిలో మాత్రము, ఎవరును ముందుగా చెప్పజాలని చోట, రెండుమారులు ఆగిపోయెను, చెమటలు పట్టెను, ఎట్లో గట్టెక్కెను. సభ ముగిసిన పిమ్మట నా యొద్దకు వచ్చి, "మాస్టారూ! ఆ రెండు పద్యాలకు కొట్టిన చప్పట్లు నావి కావండి. నిషిద్ధాక్షరికి కొట్టినవి కొంచెమే అయినా, అవి మాత్రం నావండి" అనెను. గురువు నేర్పవలసిన పాఠమును ఆనాడు శిష్యుడు నేర్పెను. వాన్ డోరెన్ కథ చదివినప్పుడెల్ల నాకు ఆ కుఱ్ఱవాని ముఖమే జ్ఞప్తికి వచ్చును.

'వాట్స్ మై లైన్?' తొలి యేండ్ల ప్రదర్శనలు చాలవరకు నశించినవి. మిగిలినవానిని ఫిలిముపై పట్టి దాచిన ప్రతులనుండి నేడు ఎవరైనను చూడవచ్చును. రంగులు లేవు, హంగులు లేవు. అయినను చూడ మొదలిడినవారు మధ్యలో లేచిపోరు. మన హైదరాబాదులో దూరదర్శన్ కేంద్రము 1977లో వెలసినది. 2014 నాటికి 'మీలో ఎవరు కోటీశ్వరుడు' అను క్రీడ తెలుగు ఇండ్లకు వచ్చినది. కోటి రూపాయల ఆశ పెట్టుట తప్పని మేము చెప్పము. బీదవాని కూతురు జవాబు చెప్పి గెలిచినచో సంతోషింపని వాడెవ్వడు? మా మనవి ఒక్కటియే. బహుమతి పెరిగిన కొలది విశ్వాసమును కాపాడుకొను శ్రద్ధయు పెరుగవలెను. ఏడ్పులు, కోపములు, కౌగిలింతలు కూడ ముందే వ్రాసియిచ్చి నటింపజేసినచో, వినోదము మిగులవచ్చును గాని విశ్వాసము మిగులదు. విశ్వాసము పోయిన పిమ్మట వినోదమును ఎక్కువ దినములు నిలువదు.

ప్రేక్షకుడు టిక్కెట్టు కొనకుండ ఇంటిలో కూర్చుండి చూచుచున్నాడు గదా, అతడు చెల్లించునదేమి అని నిర్మాతలు అనుకొనవచ్చును. అతడు తన నమ్మికను చెల్లించుచున్నాడు. ఆ మూలధనమును హరించువారిని గుర్తించుటయు, అభిప్రాయముల కారణమున ఒక కవిని వెలివేసినపుడు ఆ కుర్చీ ఏల ఖాళీ యైనదని అడుగుటయు ప్రేక్షకుని ధర్మములే. పది 'కాదు'ల వరకు ఓపికతో ప్రశ్నించిన ఆ నలుగురు పృచ్ఛకులనుండి మనము నేర్వవలసినది ఆ ప్రశ్నించు గుణమే.