చంద్రునిపై నీరు - కొల్లేటిలో నీరు

2024 సెప్టెంబరు మొదటి దినములలో బుడమేరు పొంగి విజయవాడను ముంచెను. ఆ నీరు కొల్లేటిని చేరగా లంక గ్రామములకు దారులు తెగిపోయెను. ఆ నెల 18వ తేదీననే కేంద్ర ప్రభుత్వము చంద్రయాన్-4కు ఆమోదము తెలిపెను. చంద్రుని మట్టిని భూమికి తెచ్చు ఆ యత్నమునకు వ్యయము 2,104 కోట్ల రూపాయలు. ఏలూరులో చదువుకొనుచున్న ఒక లంక బాలుడు నన్నడిగెను: "మాస్టారూ, మా ఇంట్లో మోకాలిలోతు నీళ్లున్నాయండీ. మనవాళ్లు నీళ్లకోసం చంద్రుడి దాకా పోవడమెందుకండీ?"

ఇది అల్లరి ప్రశ్న కాదు. విజ్ఞానము గొప్పదని చెప్పి తప్పించుకొనుట ఉపాధ్యాయునకు తగదు.

మన మొదటి ఉపగ్రహమైన ఆర్యభట్ట 1975 ఏప్రిల్ 19న ఆకాశమునకెగసెను. పేద దేశమునకు ఇది యేల యను మాట అప్పుడును కలదు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచి వేలకొలది ప్రాణములను బలిగొనెను. ఆర్యభట్ట వారిలో నొక్కరినైనను కాపాడలేదు. అది అందులకు చేసినది కాదు. కాని ఆ విద్య మనకు పట్టుబడిన పిమ్మట, 1983 నుండి ఇన్సాట్ ఉపగ్రహములు బంగాళాఖాతముపై మేఘములను కనిపెట్టి చూచుచున్నవి. నేడు తుఫాను తీరమును తాకుటకు దినముల ముందే పడవలు ఒడ్డు చేరుచున్నవి.

చంద్రుడు మనకు తుఫానుల జాడ చెప్పడు, నిజమే. శ్రీహరికోట నుండి 2008లో వెడలిన చంద్రయాన్-1 అచట నీటి జాడలను కనుగొనెను. ధ్రువముల కడ ఎండ సోకని గోతులలో మంచు కలదని శాస్త్రజ్ఞుల తలపు. ఆ నీటిని విడదీసినచో పీల్చుటకు ప్రాణవాయువు, రాకెట్టునకు ఇంధనము లభించును. భూమి నుండి మోసికొనిపోవు భారము తగ్గును. 2023 ఆగస్టు 23న దక్షిణ ధ్రువ ప్రాంతమున దిగిన విక్రమ్ నేలలో ఉష్ణమాపకమును గ్రుచ్చగా, బెత్తెడు లోతుననే వేడి దాదాపు 60 డిగ్రీలు తగ్గెను! ఈ సంగతి ఎవరి ఆకలిని తీర్చదు. అయినను, తెలియుటయే ఒక లాభమని నా నమ్మకము.

ఉప్పుటేటి పూడిక తీయవలెననుట న్యాయమైన కోరిక; దానిని అడుగుట మానరాదు. చంద్రయానము ఆపినంతమాత్రమున ఆ పూడిక తొలగదు. ఈ మాటయే బాలునితో అంటిని. అతడు పూర్తిగా ఒప్పుకొనలేదు.

"అయితే మా ఊరు మునగడం ఉపగ్రహం చూస్తుందాండీ?"

మబ్బుల గుండ చూడగల రాడారు ఉపగ్రహములు మనకు కలవనియు, హైదరాబాదులోని కేంద్రము వాని చిత్రములతో ముంపు పటములు గీయుననియు చెప్పి, కొల్లేటి ఉపగ్రహ చిత్రమొకటి చేతికిచ్చితిని. అతడు వ్రేలితో తన లంకను వెదకసాగెను.